నా చావు నేనే విన్న కాలం

ఇలా దగ్గరికి జరుగు. ఆ పెట్టె సర్దడం తర్వాత చూసుకోవచ్చు, నీ విమానం ఎల్లుండి కదా. నా కథకి అంతసేపు పట్టదు.

దేశం కాని దేశం వెళ్ళి, అక్కడి పిల్లల మధ్య మూడు నెలలు పనిచేసి వస్తానంటున్నావు. వెళ్ళు, వద్దనను. వద్దన్నా వినే రకానివి కావు, ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కాకపోతే వెళ్ళే ముందు ఒక్క చలికాలం కథ విని వెళ్ళు. ఇందులో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్ల మీ అమ్మ. అప్పట్లో అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఈ సంగతి తన నోటితో నీకు చెప్పలేనంది, "నువ్వే చెప్పమ్మా" అంది. అందుకని నేను చెబుతున్నాను.

అప్పుడు నేను పిల్లల ఇంట్లో వంట చేసేదాన్ని. "దిక్కులేని పిల్లల నిలయం" అని గేటు మీద పెద్ద చెక్క ఉండేది. నాకు చదువు రాకపోయినా ఆ అక్షరాలేమిటో తెలుసు. వాటిని చెక్కింది వడ్రంగం చేసే మీ తాతయ్యే.

లోపల ముప్ఫై రెండు మంది పిల్లలు. వాళ్ళలో నిజంగా ఎవరూ లేనివాళ్ళు అయిదుగురే. మిగతా పిల్లల తల్లులమంతా ఆ వెనక వీధిలోనే ఉండేవాళ్ళం. ఒకామెది ఇస్త్రీ బండి, ఒకామె ఆసుపత్రిలో నేల తుడిచేది, నేను వంట. పిల్లలకి బడి, పుస్తకాలు, మూడు పూటలా తిండి అన్నీ పెద్దసారు చూసేవాడు. బదులుగా ఆయన అడిగేది ఒక్కటే. చలి మొదలయ్యాక నాలుగు నెలలపాటు విదేశాల నుంచి అతిథులు వచ్చేవాళ్ళు. ఒక జట్టు రెండు మూడు వారాలుండి వెళ్తే ఇంకో జట్టు. ఆ నాలుగు నెలలూ పిల్లలు అక్కడే పడుకోవాలి. తల్లులు గేటు దగ్గర కనపడకూడదు. అడిగినవాళ్ళకి "నాకెవరూ లేరు" అని చెప్పాలి.

"అమ్మానాన్నలున్న పిల్లల కోసం అంత దూరం నుంచి ఎవరొస్తారమ్మా?" అనేవాడు పెద్దసారు. మెత్తగా అనేవాడు. ఆ మనిషి గొంతు ఎప్పుడూ లేచేది కాదు, నాకు భయమల్లా అదే.

లోపల పని కాబట్టి నా పిల్ల రోజూ నా కళ్ళ ముందే ఉండేది. వీధిలో మిగతావాళ్ళకి దానికే కుళ్ళు. కాకపోతే అది నన్ను అమ్మా అనకూడదు, వంటక్కా అనాలి. మొదట్లో పిచ్చుకకి అదొక ఆట. కంచం పట్టుకొచ్చి "వంటక్కా, ఇంకొంచెం" అని, ఎవరూ చూడకుండా ఒక కన్ను గీటేది. నేను గరిటె అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

మా అత్తగారికీ ఇందులో తప్పు కనిపించలేదు. "నాలుగు నెలలు నోరు కట్టుకుంటే పిల్లకి నాలుగక్షరాలు వస్తాయి. నువ్వెలాగూ పొగలో కూర్చున్నావు, అదీ వచ్చి నీ పక్కన కూర్చోవాలా?" అనేది.

ఆ ఏడు మొదటి జట్టుతో నిచ్చెనమ్మ వచ్చింది. అసలు పేరు మా నోళ్ళకి పలకలేదు. యాభై దాటిన మనిషి, గుమ్మానికి తల తగిలేంత పొడుగు. పిల్లలు ఆ పేరు పెడితే అర్థం చెప్పించుకుని మురిసిపోయింది. మిగతావాళ్ళు రెండు మూడు వారాలకని వస్తే ఈవిడ ఆ నాలుగు నెలలూ ఉంటానంది. రావడానికి ముందు ఏడాదిపాటు మన భాష నేర్చుకుందట. భాష వచ్చింది గానీ మర్యాదలు తలకిందులు. వీధి కుక్కని "మీరు కొంచెం జరగండి" అనేది, పెద్దసారుని "నువ్వు కూర్చో" అనేది. అప్పుడు చూడాలి ఆయన మొహం.

మొదటి రోజే పెద్దసారు ఆమె ఒళ్ళో ఇద్దరు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీయించబోయాడు. ఆమె వాళ్ళని మెల్లగా కిందికి దింపింది.

"ఫొటో వద్దు. నాకు పని ఇవ్వు. వంటింట్లో."

"మీరు వచ్చింది పిల్లలతో గడపడానికి కదండీ?"

"నేను వెళ్ళిపోతాను. తర్వాత వాళ్ళు నా కోసం వెతుకుతారు. అది వద్దు. మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో పని చేశాను. ఇక్కడా అదే చేస్తాను."

అలా వచ్చి నా నెత్తిన పడింది. ముప్ఫై ఏళ్ళు వండిందన్నమాటే గానీ, అక్కడి పొయ్యి తిప్పితే మండుతుంది. మా కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊది ఊది మొహం నిండా మసి చేసుకుంది. నేను పడీ పడీ నవ్వాను.

"నిప్పు రాజెయ్యడం రాకుండా ముప్ఫై ఏళ్ళు ఏం వండావమ్మా?"

"నవ్వు. నవ్వి నేర్పించు" అంది.

నేర్పించాను. పచ్చి కట్టెని ఎలా పేర్చాలో, ముప్ఫై మందికి ఎసరు గరిటె కాడ మీద ఎలా గుర్తు చూసుకోవాలో, అన్నీ. ఆమె నాకు ఇంకోటి నేర్పింది. సగం ఉడికిన గిన్నెకి మూత పెట్టి, గడ్డి కూరిన పెట్టెలో దించి, పైన దుప్పటి కప్పేస్తే మిగతా సగం నిప్పు లేకుండా అదే ఉడుకుతుంది. నేను నమ్మలేదు. మూత తీసి మెతుకు పట్టి చూశాక నమ్మాను. కట్టెలు సగానికి సగం తగ్గాయి, నా దగ్గూ తగ్గింది. ఆ పెట్టె మాత్రం ఆమె చెయ్యలేదు, మీ తాతయ్య చేత చేయించమంది. "నేను చేస్తే, నేను వెళ్ళాక విరిగితే ఎవరు బాగు చేస్తారు?" అంది.

మా వంటింటికీ హాలుకీ మధ్య గోడలో వడ్డన కిటికీ ఒకటి ఉండేది. రెండో జట్టు వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం వాళ్ళని హాల్లో కూర్చోబెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే లేచి తమ కథ చెప్పాలి, పెద్దసారు దాన్ని వాళ్ళ భాషలో చెబుతాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కిటికీలోంచి పిచ్చుక గొంతు వినబడింది.

"మా అమ్మకి జ్వరం వచ్చింది. నాన్న లేడు. నేను బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళాను. తెచ్చేసరికి అమ్మ లేవలేదు. నోట్లో నీళ్ళు పోశాను. పక్కనుంచి కారిపోయాయి."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "జ్వరం వచ్చి చనిపోయింది" అని రెండు ముక్కలే పెద్దసారు నేర్పినవి. మరి ఆ బిందె, ఆ కారిపోయిన నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? అవన్నీ దాని బుర్రలోంచి వచ్చినవే. హాల్లో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. పిచ్చుక కూడా ఏడుస్తోంది. అవి దొంగేడుపులు కావు, కన్నదాన్ని, నాకు తెలియదూ?

నా చావు నేనే విన్నాను. చేతిలో ఉల్లిపాయ ఉంది కాబట్టి సరిపోయింది.

పొయ్యి దగ్గరున్న నిచ్చెనమ్మ నా మొహం చూసింది, కిటికీ వైపు చూసింది. ఏమీ అడగలేదు.

ఆ తర్వాత జట్టు జట్టుకీ నా చావు పెరుగుతూ పోయింది. మూడో జట్టు వచ్చేసరికి అందులో వాన కూడా పడింది, డాక్టరు రాలేకపోయాడు. నాలుగో జట్టుకి నేను ఆఖరి మాట కూడా చెప్పి పోయాను. "బాగా చదువుకో" అన్నానట. పోయేటప్పుడు కూడా నా నోట మంచి మాటే పలికించింది, అంతవరకు మేలు.

కానీ కన్ను గీటడం మానేసింది. కంచం చాపినప్పుడు నా మొహం చూసేది కాదు, నా చేతినే చూసేది.

నాలుగో జట్టు వెళ్ళాక రెండు రోజులు ఖాళీ దొరికితే పిల్లల్ని ఇళ్ళకి పంపారు. పిచ్చుక గడప దాటి, చెప్పులు విడిచి, "వంటక్కా, నీళ్ళివ్వు" అంది.

ఇంట్లో. నా ఇంట్లో.

మీ తాతయ్య చేతిలో చిత్రిక ఆగిపోయింది. "ఇక్కడ అమ్మా అనొచ్చే, ఎవరూ లేరు" అన్నాను.

"సరే" అంది. కాసేపటికి మళ్ళీ, "వంటక్కా, నా దువ్వెనేదీ?"

మా అత్తగారు దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఆ కథంతా చెప్పించుకుంది. 

"మరి నానమ్మ ఏమైందే?"

"నానమ్మ లేదు."

"లేదంటే? నేనూ పోయానా?"

"పోలేదు. అసలు లేవు."

"విన్నావుటే?" అంది నాతో. "నిన్ను చంపైనా చంపింది. నన్ను పుట్టించనే లేదు!" నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ రెండు రోజులూ బతిమాలాను, బెదిరించాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఒక దెబ్బ కూడా వేశాను. పెదవులు బిగించుకుంది తప్ప ఆ ఒక్క మాటా అనలేదు. చదువు వస్తుందని పిల్లని పంపాను. చదువు వచ్చింది, పిల్ల తిరిగి రావడం లేదు.

మర్నాడు పొయ్యి వైపు చూస్తూ నిచ్చెనమ్మతో చెప్పేశాను. "పిచ్చుక నా కడుపున పుట్టింది."

ఆమె గరిటె తిప్పడం ఆపలేదు. "తెలుసు. ఆ ఉల్లిపాయల రోజే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"నేను అడిగితే నీ పని పోతుంది. నాకేమీ పోదు. అందుకని నువ్వు చెప్పేదాకా ఆగాను." మళ్ళీ తనే అంది, "వయసులో ఉన్నప్పుడు వేరే దేశం వెళ్ళాను. అదీ ఇలాంటి ఇల్లే. పిల్లల్ని ఎత్తుకున్నాను, ఫొటోలు దిగాను. వచ్చేసే రోజు ఒక పిల్ల నా బండి వెనక పరిగెత్తింది. ఎంత మంచి పని చేశానో అని నేను ఏడ్చాను." అప్పుడు గరిటె ఆగింది. "ఆ పిల్లకి అమ్మ ఉందా అని నేను అడగలేదు."

నేను కట్టె ఒకటి పొయ్యిలోకి తోశాను.

"నీకేం కావాలి?" అని అడిగింది.

ఎన్ని జట్లు వచ్చాయో, ఎన్ని బొమ్మలు, ఎన్ని బట్టలు తెచ్చారో. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఈవిడే.

"పగలు చదువు, పొద్దుగూకితే ఇల్లు. నా పిల్ల నన్ను అమ్మా అనాలి. మూడూ కావాలి" అన్నాను.

"నేను వెళ్ళి పెద్దసారు మీద అరవగలను. ఈ ఇల్లు మూత పడుతుంది, నేను విమానం ఎక్కుతాను. ఇక్కడ ఉండేది మీరు. ముందు మీ వాళ్ళతో మాట్లాడు. మీరేం చేద్దామంటే దానికి నేను వెనక ఉంటాను."

వీధిలో తల్లులందరూ ఇస్త్రీ అక్క బండి దగ్గర చేరారు. ఆమెకి ఇద్దరు మగపిల్లలు లోపల. నా మాట పూర్తి కానివ్వలేదు.

"నీ చెవిలో అమ్మా అని పడకపోతే మా పిల్లల ముందు కంచాలు లాగేస్తావా? ఆ పొడుగు మనిషి రేపో మాపో పోతుంది. పెద్దసారు ఇక్కడే ఉంటాడు. అప్పుడెవరొస్తారు, నీ మొగుడొస్తాడా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అందరూ తలలూపారు. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను. ఏం తోచిందో, ఆగి అడిగాను. "అక్కా, మీ చిన్నాడి కథలో నువ్వెలా పోయావో తెలుసా?"

"ఎలా పోతే ఏంలే."

"లారీ కింద పడి. తాగి రోడ్డు దాటావట."

ఇస్త్రీ పెట్టె బట్ట మీదే ఉండిపోయింది. "నేనా? నేను తాగానా?" బట్ట కాలిన వాసన వచ్చేదాకా ఆమె కదల్లేదు. పక్కనుంచి ఒకామె మెల్లగా అడిగింది, "మరి నేనెలా పోయాను?" ఇంకొకామె, "నేను?" వంటింటి కిటికీలోంచి విన్నవన్నీ ఒక్కొక్కటే చెప్పాను.

మర్నాడు నేనూ, ఇస్త్రీ అక్కా, ఆసుపత్రిలో పనిచేసే ఆమే, ముగ్గురం పెద్దసారు గదికి వెళ్ళాం. పగలు మీ దగ్గర ఉంచుకోండి, సాయంత్రం ఇళ్ళకి పంపండి అని అడిగాం. ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు.

"అలాగేనమ్మా. ఇళ్ళకే తీసుకెళ్ళండి. పగలూ వద్దు, రాత్రీ వద్దు." అదే మెత్తదనంతో ఇంకో కాగితం తిప్పాడు. "ఎల్లుండి ఈ జట్లని పంపించే పెద్దవాళ్ళు వస్తున్నారు. ఆలోపు ఎవరి నోరు లేచినా ముప్ఫై రెండు మంది సామాన్లూ గేటు బయట ఉంటాయి. ఎవరూ లేని ఆ అయిదుగురివి కూడా. వాళ్ళెక్కడికి పోతారో మీరే ఆలోచించుకోండి."

బయటికి వచ్చి నడిచాం. వీధి మలుపులో ఇస్త్రీ అక్క ఆగింది.

"నోరు లేవకూడదన్నాడు కదా. లేవదు. వెళ్ళి కూర్చుందాం" అంది.

ఆ పెద్దవాళ్ళు వచ్చిన రోజు మధ్యాహ్నం నిచ్చెనమ్మ చేసిందల్లా ఒక్కటే, వంటింటి వెనక తలుపు గడియ తీసి పెట్టింది. ఇరవై మందికి పైగా తల్లులు నా పొయ్యి పక్కనుంచి, ఒకరి వెనక ఒకరు, హాల్లోకి నడిచి వెనక వరసలో నేల మీద కూర్చున్నారు. నేను అందరికన్నా చివర కూర్చున్నాను. ముందు కుర్చీల్లో ఒకాయన, ఒకావిడ, చేతుల్లో పుస్తకాలు. మా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. పెద్దసారు కూడా నవ్వాడు. మేము పనివాళ్ళమని వాళ్ళకి చెప్పి ఉంటాడు. పిల్లలు ఒక్కసారి వెనక్కి తిరిగి, వెంటనే తలలు దించేసుకున్నారు. ఒక చిన్నవాడు లేవబోతే పక్కవాడు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు. ఆ లాగినవాడికి ఆరేళ్ళుంటాయేమో, అంత భయం.

"పిచ్చుకా, రామ్మా" అన్నాడు పెద్దసారు.

అది లేచింది. నన్ను చూసింది. ఎన్ని వారాల తర్వాతో, నా మొహంలోకి సూటిగా చూసింది. తడబడుతుందనుకున్నాను. తడబడలేదు. జ్వరం, బిందె, వాన, రాని డాక్టరు, అన్నీ వరసగా, నా కళ్ళలోకి చూస్తూనే చెప్పింది. ఈసారి ఏడవలేదు. "బాగా చదువుకో అంది. తర్వాత లేవలేదు" అని ముగించి నిలబడింది. ముందు కుర్చీలో ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

నేను లేచాను. ఎలా లేచానో నాకు తెలియదు.

"ఆ జ్వరం తగ్గిందమ్మా. నేను లేచాను" అన్నాను.

పెద్దసారు నోరు విప్పేలోపు వడ్డన కిటికీలోంచి నిచ్చెనమ్మ నా మాటని వాళ్ళ భాషలో చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. 

ఇస్త్రీ అక్క లేచింది. "నేను తాగలేదు" అంది.

తర్వాత ఒక్కొక్కరే.

పెద్దసారు అన్నంతా చేశాడు, తొమ్మిది రోజులు గేటుకి తాళం పడింది. ఆ తొమ్మిది రోజులూ నిప్పుల మీద ఉన్నట్టే గడిచింది. బడి లేదు, నాకు పని లేదు. ఎవరూ లేని ఆ అయిదుగురినీ మా వీధిలోనే పంచుకుని పెట్టుకున్నాం. వచ్చిన పెద్దవాళ్ళిద్దరూ వెళ్ళిపోలేదు, రోజూ ఇస్త్రీ బండి పక్కన బల్ల మీద కూర్చుని అడిగిందే అడిగి రాసుకున్నారు. అక్కడి నుంచి డబ్బు పంపేవాళ్ళకి నిచ్చెనమ్మ మా తరఫున ఉత్తరం రాసి, పంపే ముందు మాకు చదివి వినిపించింది. అందులో "బీద తల్లులు" అని ఉంది. "అది కొట్టెయ్యి. పనిచేసుకునే తల్లులు అని రాయి" అన్నాను. కొట్టేసింది. 

ఇక ఆ డబ్బు తన చేతికి రాదని తేలాక, చివరికి పెద్దసారు తాళాలు మాకు అప్పగించి వెళ్ళిపోయాడు, అప్పుడూ గొంతు లేవలేదు. గేటు మీది చెక్కని మీ తాతయ్యే ఊడదీశాడు. అది పగటి బడి అయింది. ఆ అయిదుగురికీ తోడుగా ఆసుపత్రిలో పనిచేసే ఆమె అక్కడే కాపురం పెట్టింది. ఆ తర్వాత కూడా విదేశాల వాళ్ళు వచ్చారు. కాకపోతే ఏ పనికి మనిషి కావాలో మేము రాస్తేనే వచ్చేవాళ్ళు, ఒకరో ఇద్దరో, ఆ నాలుగు నెలలూ ఉండి, మన టీచర్లకి నేర్పి, వాళ్ళ దగ్గర నేర్చుకుని వెళ్ళేవాళ్ళు.

ఇదంతా మా వీధిలో అందరికీ తెలిసిందే. నీకు చెప్పాలనుకున్నది వేరే ఉంది.

తాళం పడిన ఆ తొమ్మిది రోజులూ మీ అమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వంటక్కా అని కూడా అనలేదు. పిల్ల నన్ను మనసులోంచి తీసేసిందని, బడీ పోయి పిల్లా పోయిందని లోపల కుమిలిపోయాను. తొమ్మిదో రోజు పొద్దున గుమ్మంలో కూర్చుని ఆకుకూర ఒలుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"నేను బాగా చెప్పలేదా?"

"చాలా బాగా చెప్పావు."

"మరెందుకు లేచావు?"

"నేను బతికే ఉన్నాను కదే, మరి."

అది ఒక కాడ తీసుకుని ఆకులన్నీ తుంచేసింది. "కథలో అమ్మ చచ్చిపోతుంది. ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లూ చచ్చిపోతుంది. అన్నిసార్లు చెబితే నిజంగా అయిపోతుందేమోనని భయమేసింది. వంటక్క అయితే ఏమీ కాదు. వంటక్కకి జ్వరం రాదు."

అది నన్ను మర్చిపోయిందనుకున్నాను. అది నన్ను దాచిపెట్టింది.

"ఇప్పుడు పిలవొచ్చా?" అని అడిగింది.

"పిలువు."

నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "ఇవాళ వద్దు. రేపు" అంది.

మర్నాడు పిలిచింది.

అంతే. ఇక వెళ్ళి పెట్టె సర్దుకో. ఈ కథని మాత్రం మర్చిపోకు తల్లీ. అక్కడ నీతో పనిచేసేవాళ్ళకి చెప్పు, నీ తర్వాత వెళ్ళేవాళ్ళకి చెప్పు, వాళ్ళ భాషలోనే చెప్పు. నా పేరు చెప్పక్కర్లేదు. ఒక అమ్మ ఉంది, బతికే ఉంది అని మొదలుపెట్టు.